జానెడు నిశ్శబ్దం

నాకు డెబ్బై ఎనిమిదో ఏడు నడుస్తోంది. ముప్పై మూడేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పాను, నాలుగు వచన కవితా సంపుటాలు వేసుకున్నాను. అయితే కవిత్వం గురించి నాకు తెలిసిన అసలు సంగతులు తరగతి గదిలో తెలిసినవి కావు. కొన్ని 1984 వేసవిలో, విజయవాడ సత్యనారాయణపురంలో టేపు రికార్డర్లు బాగుచేసే ఒక షాపు వెనక గదిలో తెలిశాయి. మిగతావి నలభై ఏళ్ళ తరవాత, హైదరాబాదులో ఒక అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చున్నాక తెలిశాయి. మొన్న ఒక కుర్రాడు తన కవితలు పట్టుకొచ్చి, "వీటిని నేను చదువుతాను, నా స్నేహితుడు ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాడు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి మాస్టారూ?" అని అడిగాడు. చెప్పబోతే నోటికి నా తప్పులే వచ్చాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

1. నీ కవిత చప్పుడు నీకు తెలియదు.

తెలుగు పద్యం చాలాకాలం రాగం మీద బతికింది. ఒక్క పద్యం కోసం తెల్లవార్లూ మేలుకుని నాటకం చూసిన తరం మా నాన్నగారిది. వచన కవిత్వం ఆ రాగాన్ని, ఛందస్సునీ కూడా వదిలించుకుంది. కుందుర్తి గారు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి దాని కోసం పోరాడుతున్న రోజుల్లో మేమంతా కుర్రాళ్ళం, ఆ స్వేచ్ఛకి పొంగిపోయాం. పైకి చదివేటప్పుడు రాగం ఉన్న చోట ఏం పెట్టాలన్నది మాత్రం మాలో ఎవరమూ ఆలోచించలేదు. దాంతో సభల్లో ఉపన్యాసకుల గొంతు తెచ్చి పెట్టుకున్నాం. ప్రతి పాదం చివరా గొంతు లేవాలి, చెయ్యి కూడా లేవాలి.

ఆ వెనక గది మా మిత్రుడిది. విజయనగరంలో చిన్నప్పుడు ఒకే వీధిలో పెరిగాం. వాడు సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, బతుకుతెరువు కోసం టేపు రికార్డర్ల మరమ్మతులోకి వచ్చాడు. గోడలకి బొంతలు వేలాడదీసి, మే నెల ఉక్కలో ఫ్యాను ఆపేసి, మైకు నా నోటికి బెత్తెడు దూరంలో పెట్టి చదవమన్నాడు. చదివాను. వెంటనే వినిపించాడు. పదడుగుల గదిలో వెయ్యిమందిని ఉద్దేశించి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. "ఒరే, ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. నాకు చెప్పు చాలు" అన్నాడు. ఆ ఒక్క మాట పాటించడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది. రైలు వెళ్ళినప్పుడల్లా ఆగేవాళ్ళం. రైలు దాటాక వెంటనే మొదలుపెట్టనిచ్చేవాడు కాదు, నా ఊపిరి కుదుటపడేదాకా కూర్చోబెట్టేవాడు. పుస్తకంలో నేను పాదం విరిచిన చోటు ఒకటి, నా ఊపిరి ఆగే చోటు ఇంకొకటి అని ఆ రాత్రుల్లోనే తెలిసింది. అచ్చయిన నా కవితల్లో సగం పాదాలు కంటికోసం విరిచినవే.

2. నీ మాటకి అర్థం చెప్పడం సంగీతం పని కాదు.

మేం తీసుకున్నది దివిసీమ ఉప్పెన మీద నేను రాసిన తొమ్మిది కవితలు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. కాలేజీ పిల్లలతో కలిసి సహాయానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాగాయలంక దాటాక మేం చూసినదాన్ని కవితల్లో రాశానని అప్పట్లో నా నమ్మకం.

మిత్రుడు ఆ తొమ్మిది కవితలూ విని వారం రోజులు ఏమీ అనలేదు. ఒక రాత్రి పిలిచి తను చేసింది వినిపించాడు. వయొలిన్ అనుమంద్రం తీగ మీద కమాను ఆనించి మెల్లగా లాగుతూ, రెండో చేత్తో బిరడ వదులు చేస్తున్నాడు. స్వరం కిందికి జారుతుంది, గరగరలాడుతుంది, ఒక చోట తెగేలా మూలుగుతుంది. దాన్ని టేపు మీదికెక్కించి, ముక్క కోసి, రెండు కొసలూ అతికించి చుట్టుగా చేశాడు. ఆ చుట్టు రికార్డరులోంచి బయటికొచ్చి ఒక పెన్సిల్ చుట్టూ తిరిగి మళ్ళీ లోపలికి వెళ్తోంది. అదే మూలుగు మళ్ళీ మళ్ళీ వస్తోంది.

"సముద్రం ఏదిరా?" అని అడిగాను. "గాలి ఏది? ఉప్పెన మీద కవితకి తీగ మూలిగితే ఎవరికి అర్థమవుతుంది?" అన్నాను. వాడు వాదించలేదు. మర్నాడు బ్యాటరీ రికార్డరు పట్టుకుని బస్సెక్కి మంగినపూడి బీచికి వెళ్ళి, కెరటాల హోరు పట్టుకొచ్చి తీగ మీద పరిచాడు. నాకు తృప్తిగా అనిపించింది. నా కవితలో సముద్రం అన్న మాట ఎక్కడ వస్తే అక్కడ సముద్రం లేచింది.

షోన్‌బర్గ్ అనే ఆస్ట్రియా సంగీతకర్త 1912లో ఇరవై ఒక్క కవితలకి "పియరో లునేర్" అనే రచన చేశాడు. అందులో చదివే మనిషి పాడకూడదు, మామూలుగా మాట్లాడనూ కూడదు, ఆ రెంటికీ మధ్య నడవాలి. మాటల అర్థాన్ని బట్టి భావం పలికించవద్దు, సంగీతాన్ని బట్టే పలికించండి అని ఆయన ముందుమాటలో ఖచ్చితంగా రాసుకున్నాడు. ఈ సంగతి నాకు డెబ్బై అయిదు దాటాక తెలిసింది. మా వాడికి తెలిసే అవకాశమే లేదు. అయినా వాడి చేతులు అదే చేశాయి. నేనే చెయ్యనివ్వలేదు.

3. నిశ్శబ్దానికి పొడవు ఉంటుంది.

ఆ రికార్డరు మీద టేపు సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున నడిచేది. అంటే కాలం అక్కడ చేత్తో పట్టుకునే వస్తువు. నేను చదివినదంతా ఆ గోధుమరంగు పట్టీ మీద ఎక్కింది. నేను చదవకుండా ఉన్నదీ ఎక్కింది. మా వాడు దాన్ని గాడి ఉన్న చిన్న దిమ్మలో పరిచి, పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసేవాడు. నిటారుగా కోస్తే అతుకు దగ్గర టప్‌మని చప్పుడొస్తుందిట. కవితకీ కవితకీ మధ్య ఎంత ఆగాలో లెక్కపెట్టడానికి వాడికి గడియారం అక్కర్లేదు, చేతినే కొలగా వాడేవాడు. బెత్తెడంటే అర సెకను, జానెడంటే సెకను పైచిలుకు, మూరెడంటే రెండు సెకన్ల పైన. "మూడో కవిత తరవాత జానెడు చాలు. ఆరో దాని తరవాత మాత్రం బారెడు కావాలి" అనేవాడు.

ఆరో కవిత ఒక తల్లి గురించి. అది అయ్యాక బారెడు టేపు ఊరికే తిరుగుతుంది. వింటూ నేను కుర్చీలో కదిలిపోయాను. ఏదో చెడిపోయిందనుకుంటారురా అన్నాను. వినేవాళ్ళు దగ్గుతారు, పక్కవాడితో మాట్లాడతారు, ఏడో కవిత దెబ్బతింటుంది అన్నాను. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. నా మాట ఆగిన చోట నేను లేనట్టు అనిపించింది. ఆ భయాన్ని వాడి దగ్గర ఒప్పుకోకుండా, "కవిని నేను. నా కవిత ఎక్కడ ఆగాలో నాకు తెలుసు" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి బ్లేడు తీసుకున్నాడు. బారెడుని బెత్తెడు చేశాడు. తరవాత జానెళ్ళన్నిటినీ కూడా, నేను అడగకుండానే, బెత్తెళ్ళు చేసుకుంటూ వెళ్ళాడు. కోసిన ముక్కలు కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టలుగా పడ్డాయి. తెల్లారి షాపు ఊడ్చే కుర్రాడు వాటిని చెత్తతోపాటు ఎత్తుకుపోయాడు. తరవాత పదిహేడేళ్ళు మేం కలుసుకుంటూనే ఉన్నాం, ఒకరింటి పెళ్ళిళ్ళకి ఒకరం వెళ్ళాం. ఆ గదిలోకి మాత్రం నన్ను వాడు మళ్ళీ పిలవలేదు.

4. పేరు ఎక్కడ వేశామన్నది చిన్న విషయం కాదు.

క్యాసెట్టు మూడు వందలు వేయించాం. అట్టమీద నా ఫోటో, నా పేరు. లోపలి మడతలో, కింద, చిన్న అక్షరాల్లో 'సాంకేతిక సహకారం' అని వాడి పేరు. అలా వెయ్యమన్నది నేనే. సంగీతం అని వేస్తే పాటలనుకుంటారేమో అని ఒక కారణం కల్పించుకున్నాను. వాడు క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రింటు బాగా వచ్చిందిరా" అని జేబులో పెట్టుకున్నాడు. 2001లో వాడు పోయినప్పుడు పదకొండో రోజుకి వెళ్ళాను. బీరువా అద్దం వెనక ఆ క్యాసెట్టు నిలబెట్టి ఉంది, అట్ట బయటికి కనబడేలా.

5. లేచి వెళ్ళేవాళ్ళని చూడకు, ఉన్నవాళ్ళని అడుగు.

మేం చేసిన ఆ కూర్పుని అప్పట్లో ఒక గ్రంథాలయం హాల్లో వినిపించాం. దాదాపు ఎనభై మంది వచ్చారు. పావుగంటలో సగం మంది లేచిపోయారు. ఇనప కుర్చీలు నేలమీద రాసుకున్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆ వెళ్ళేవాళ్ళనే లెక్కపెడుతూ కూర్చున్నాను. అయిపోయాక తలుపు పక్కన నిలబడి ఉన్న ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. హాలు ఊడ్చి తాళం వేసే మనిషి. "చివర్లో ఆ నూతి గిలక చప్పుడు ఎట్టా తీశారయ్యా?" అని అడిగింది.

గిలకేమిటని విసుక్కున్నాను. చివర సముద్రపు హోరు తగ్గిపోయాక, తీగ మూలుగు ఒక్కటే కొన్ని సెకన్లు మిగులుతుంది. ఆమె చెబుతున్నది దాని గురించి.

ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో గుర్తొచ్చింది. దివిసీమలో ఒక చోట ఇళ్ళన్నీ పోయి నుయ్యి మిగిలింది. నీళ్ళు ఉప్పుకషాయం. అయినా ఒక ముసలాయన చేద వేసి తోడుతున్నాడు. తోడి, రుచి చూసి, పారబోసి, మళ్ళీ వేస్తున్నాడు. ఉప్పెన వెళ్ళిపోయిన ఆ ఊళ్ళో ఆ పొద్దున వినబడింది గిలక కిర్రుమనడం ఒక్కటే. పక్షి కూత కూడా లేదు. ఈ సంగతి నేను ఏ కవితలోనూ రాయలేదు. రాయడానికి మరీ చిన్న విషయంలా తోచింది. ఎప్పుడో టీ తాగుతూ మా వాడికి చెప్పానంతే. నేను రాసిందంతా విని, రాయకుండా వదిలేసింది వాడు వాయించాడు. నేను దానిమీద సముద్రం పోయించాను.

ఆ రాత్రే వాడింటికి వెళ్ళి ఈ మాట చెప్పాల్సింది. రేపు చెబుదామనుకున్నాను.

6. మనకి కొత్తయినంత మాత్రాన లోకానికి కొత్త కాదు.

అప్పట్లో ఒక పత్రిక విలేఖరితో, ఇలాంటి ప్రయోగం ఎక్కడా జరగలేదని చెప్పాను. అచ్చయింది కూడా. నలభై ఏళ్ళ తరవాత నా పాత విద్యార్థి కూతురు ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆమె శబ్దాలతో పని చేస్తుంది. వైర్లు గుచ్చి గుచ్చి స్వరం పుట్టించే పెట్టెలు ఉన్నాయి ఆమె దగ్గర, మాడ్యులర్ సింథసైజర్ అంటారు. "తాతగారూ, ఇది వినండి" అని ఒక్కొక్కటీ పెట్టింది.

పారిస్ రేడియోలో పియెర్ షెఫర్ అనే ఆయన 1948లోనే రైళ్ళ చప్పుళ్ళు రికార్డు చేసి సంగీతంగా కూర్చాడు. అదే ఏడు డిసెంబరులో విజయవాడలో ఆకాశవాణి మొదలైంది. స్టీవ్ రైక్ అనే అమెరికా యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కో కూడలిలో ఒక మత ప్రచారకుడి మాటలు రికార్డు చేశాడు. నోవహు కాలంనాటి జలప్రళయం గురించి ఆయన చెబుతున్నాడు. 1965లో రైక్ ఆ మాటల్లో ఒక ముక్కని రెండు టేపు చుట్టులుగా చేసి, రెండు రికార్డర్ల మీద ఒకేసారి తిప్పాడు. రెంటి వేగంలో వెంట్రుకవాసి తేడా ఉంది. కలిసి మొదలైన మాట మెల్లమెల్లగా విడిపోతుంది, తనకి తానే ప్రతిధ్వని అవుతుంది, చివరికి మాట కరిగి నీటి హోరులా మారుతుంది. వింటూ ఉంటే నాకు ఒళ్ళు జలదరించింది. ప్రళయం గురించి చెప్పే మాటలోంచే ప్రళయం పుట్టింది. సముద్రాన్ని తెచ్చి పొయ్యలేదు.

మన దేశం సంగతీ ఆమే చెప్పింది. 1969లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతజ్ఞుడు వచ్చి మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ సంగీతపు స్టూడియో నెలకొల్పాడు. అందుకు పూనుకున్నది గీతా సారాభాయ్. 1946లో న్యూయార్కులో జాన్ కేజ్ అనే అమెరికా సంగీతకర్తకి మన సంగీతం గురించి పాఠాలు చెప్పింది ఆమే. సంగీతం దేనికి అని ఆయన అడిగితే, మనసుని నెమ్మదింపజేయడానికి అని తన గురువు చెప్పిన మాట ఆయనకి చెప్పిందిట. నిశ్శబ్దాన్ని అంతగా నమ్ముకున్న కేజ్ ఆ మాటని జీవితమంతా దగ్గర పెట్టుకున్నాడు. 1972 దాకా మనవాళ్ళు ఆ స్టూడియోలో చేసిన టేపులు దశాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండిపోయి, 2023లో రికార్డుగా బయటికి వచ్చాయి. మేం బ్లేడు పట్టుకుని తంటాలు పడుతున్నప్పుడు అవి ఈ దేశంలోనే ఒక బీరువాలో ఉన్నాయి.

అంత దూరం వెళ్ళడం ఎందుకు? మా విజయనగరం వైపు పల్లెల్లో జముకుల కథ చెప్పేవాళ్ళు. జముకు ఒకవైపే చర్మం బిగించిన వాద్యం. చర్మం నడుమలోంచి ఒక తీగ వస్తుంది. దాన్ని లాగి బిగిస్తూ, వదులు చేస్తూ మీటితే శబ్దం వంగుతుంది, మనిషి మూలిగినట్టు వినబడుతుంది. కథకుడు పాడీ పాడనట్టు, మాట్లాడీ మాట్లాడనట్టు చెబుతుంటాడు. పండగ రాత్రులు మిత్రుడూ నేనూ ఒకే గోనెపట్టా మీద కూర్చుని విన్నాం. అనుమంద్రం బిరడ వదులు చేసిన ఆ చేతికి ఎక్కడ అలవాటైందో నేను పోల్చుకోగలిగి ఉండాల్సింది. మహామహుల పేర్లు చెప్పి కుర్రాళ్ళని బెదిరించడం నాకిష్టం లేదు. నువ్వు వెతుక్కునే శబ్దం నీ ఊరి చివర ఎవరో ఒకరి చేతిలో ఇప్పటికే ఉండొచ్చు. ముందు వెళ్ళి విని రా.

7. గొంతు అరిగిపోతే అరిగిపోయినట్టే వినిపించు.

ఆ అమ్మాయి నన్ను మళ్ళీ చదవమంది. నాకు పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళలోంచి శ, ష, స మూడూ ఒక్కలాగే ఈలలా వస్తాయి. ముప్పై మూడేళ్ళు పిల్లలకి ఉచ్చారణ సరిదిద్దినవాణ్ణి, నాకు సిగ్గేసింది. ఆ ఈలలు తీసెయ్యమన్నాను. ఆమె తీసెయ్యకుండా ఆల్విన్ లూసియర్ అనే ఆయన 1969లో చేసింది వినిపించింది. ఆయనకి నత్తి. ఒక గదిలో కూర్చుని నాలుగు మాటలు చదివి, రికార్డు చేసి, అదే గదిలో వినిపిస్తూ మళ్ళీ రికార్డు చేస్తాడు. అలా ఎన్నోసార్లు. ప్రతిసారీ గది తనకి నచ్చిన స్వరాల్ని ఉంచుకుని మిగతావి మింగేస్తుంది. చివరికి మాట పోయి గది మోగుతుంది. నత్తి కూడా ఆ మోతలోనే కలిసిపోతుంది.

ఇప్పుడు మేం చేస్తున్నదాంట్లో నా ముప్పై ఎనిమిదేళ్ళ గొంతూ, డెబ్బై ఎనిమిదేళ్ళ గొంతూ రెండూ ఉన్నాయి. ఒకే పాదాన్ని మొదట ఆ గొంతు అంటుంది, వెనకనే ఈ గొంతు అంటుంది. ఈలలు అలాగే ఉంచాం.

8. అడగాల్సింది ఆలస్యంగానైనా అడుగు.

పాత రీళ్ళ కోసం మిత్రుడి ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. వాడి భార్యని చూసి ఏళ్ళయింది. "రండి అన్నయ్యగారూ" అని కూర్చోబెట్టింది. ముందు వాడికి చెప్పాల్సినదంతా ఆమెకి చెప్పాను. గిలక సంగతి చెప్పాను, అట్టమీద పేరు సంగతి చెప్పాను. ఈసారి వాడి పేరు ముందు ఉంటుందనీ, ఆమె ఒప్పుకుంటేనే పని మొదలుపెడతామనీ చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి అటక మీంచి రేకు పెట్టె దింపించింది.

పెట్టెలో మూడు రీళ్ళున్నాయి. విజయవాడ తేమకి టేపు అంచుల మీద తెల్లగా బూజు పట్టింది. ఒకటి నా గొంతు, ఒకటి వాడి తీగ, ఒకటి రెండూ సముద్రంతో కలిపినది. అమ్మాయి వాటిని హైదరాబాదు తీసుకెళ్ళి, మెత్తటి గుడ్డతో కొంచెం కొంచెంగా తుడిపించి, లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. తీగ రీలు విడిగా ఉంది కనక సముద్రం బెడద లేదు. గిలక శుభ్రంగా వినబడుతోంది.

రీళ్ళ కింద ఒక రూళ్ళ కాగితం దొరికింది. తొమ్మిది కవితల వరస, వాటి మధ్య వాడి దస్తూరీలో: బెత్తెడు, జానెడు, జానెడు, మూరెడు. ఆరో కవిత కింద: బారెడు. నేను కోయించకముందు రాసుకున్నది.

"తాతగారూ, బారెడంటే ఎంత?" అని అడిగింది అమ్మాయి. లేచి నిలబడి రెండు చేతులూ బార్లా చాచాను. ఆమె దర్జీ టేపు తెచ్చి ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా కొలిచింది. అరవై నాలుగు అంగుళాలు. ఏడున్నరతో భాగించి, "ఎనిమిదిన్నర సెకన్లు" అంటూ తెరమీద అంత ఖాళీ పెట్టింది. ఆరో కవిత వినిపించింది. కవిత ఆగింది. ఎనిమిదిన్నర సెకన్లు. ఏడో కవిత మొదలైంది.

"చాలదమ్మా" అన్నాను. "వాడు నాకంటే జానెడు పొడుగు. చేతులు ఇంకా పొడుగు."

ఎంత పెంచమంటారని అడుగుతున్నట్టు ఆమె నావైపు తిరిగి చూసింది. నేను ఇంకా చేతులు చాచుకునే ఉన్నాను.